మెల్‌బోర్న్ కిరాణా కొట్టు పేరున్న రాగి బిళ్ళ: నాణెమా, కాదా?

మీరు ఉంటున్న మెల్‌బోర్న్‌లో ఆదివారం సంతలో ఒక పెద్ద రాగి బిళ్ళ దొరికిందని రాశారు. ఒకవైపు ‘అన్నండ్ స్మిత్ అండ్ కో, ఫ్యామిలీ గ్రోసర్స్, మెల్‌బోర్న్’ అని ఉంది, రెండోవైపు త్రిశూలం పట్టుకుని కూర్చున్న స్త్రీ బొమ్మ ఉంది. ఇది నిజం నాణెమేనా, ‘ఆనంద్’ అంటే మనవాళ్ళెవరైనా అయ్యుంటారా, ఒక కిరాణా కొట్టు సొంతంగా డబ్బులు ఎలా కొట్టించగలిగింది, పక్క కొట్టువాళ్ళు వాటిని తీసుకునేవారా, నల్లగా ఉంది కాబట్టి చింతపండుతో తోమవచ్చా అని అడిగారు.

చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. ఈపాటికే మీరు చింతపండు నానబెట్టి ఉంటే ఆపాలి కదా. తోమకండి. చింతపండు వద్దు, నిమ్మచెక్క వద్దు, ఇత్తడి సామాను పాలిష్ అసలే వద్దు.

నేను ముప్పై ఏళ్ళుగా పాత రాగి నాణేలు పోగుచేస్తున్నాను. మొదటి ఏడాదే అమ్మమ్మగారింట్లో పాత పెట్టె అడుగున 1808 నాటి ఈస్టిండియా కంపెనీ పది కాసుల నాణెం దొరికింది. చింతపండులో ఇంత ఉప్పు వేసి, పూజకి రాగి చెంబు తోమినట్టు తోమాను. అయిదు నిమిషాల్లో తళతళలాడింది. చాలా సంతోషపడ్డాను. నెల తిరిగేసరికి అక్కడక్కడా ఎర్రటి మచ్చలు, మధ్యలో వెలిసిపోయిన గులాబీ రంగు. అక్షరాల అంచులు మెత్తబడిపోయాయి. దాదాపు రెండు వందల ఏళ్ళు గాలి, చెమట, చేతి తడి కలిసి వేసిన ముదురు గోధుమరంగు పొర అది. రాగిని కాపాడేదీ, అది పాతదని చెప్పేదీ ఆ పొరే. పులుపు ఆ పొరతోబాటు దాని కింద ఉన్న రాగిని కూడా కొంత తినేస్తుంది. పోయిన పొరని ఎవరూ తిరిగి తెచ్చిపెట్టలేరు. ఆ నాణెం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. కొత్తగా ఈ సేకరణలోకి వచ్చేవాళ్ళకి మొదట దాన్నే చూపిస్తాను.

నలుపు వేరు, చిలుము వేరు. మీరు చెప్పింది నలుపైతే దాని జోలికి పోనక్కర్లేదు. గోటితో గీకితే పొడిలా రాలే లేత ఆకుపచ్చ చిలుము ఉంటే మాత్రం చెప్పండి. అది పాకుతుంది, దానికి వేరే పద్ధతి ఉంది.

ఇక అసలు విషయం. మీ దగ్గరున్నది ప్రభుత్వ నాణెం కాదు, మెడల్ కూడా కాదు. వ్యాపారి టోకెన్. చిల్లర దొరకని కాలంలో ఒక కొట్టు తన పేరు మీద కొట్టించి, పెన్నీ బదులు చెలామణీ చేసిన రాగి బిళ్ళ. అన్నండ్ మన ఆనంద్ కాదు, స్కాట్లండ్‌లో ఉన్న ఇంటిపేరు. మీరు తెలియకుండానే మంచి వస్తువు పట్టుకున్నారు. ఆస్ట్రేలియాలో పెన్నీ టోకెన్ల కథ మొదలైందే ఈ కొట్టుతో, 1849లో. అప్పటికి విక్టోరియా అనే కాలనీయే లేదు. మెల్‌బోర్న్ ఇంకా న్యూ సౌత్ వేల్స్ కింద ఉండేది. 1851లో విడిపోయింది.

చిల్లర ఎందుకు దొరకలేదన్నది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. ఆస్ట్రేలియా కాలనీలకు సొంత నాణేలు లేవు. లండన్ నుంచి ఓడలో ఏం వస్తే అదే. బంగారు సవరన్లు తేవడానికి బ్యాంకులు ముందుకొస్తాయి, వెండి షిల్లింగులు కొన్ని వస్తాయి. రాగి పెన్నీల సంగతి ఎవరికీ పట్టదు. రాగి బరువెక్కువ, విలువ తక్కువ. నెలల తరబడి సముద్రం మీద మోసుకొచ్చినా మోత ఖర్చుకి తగ్గ లాభం కనపడదు. లండన్‌లోని రాయల్ మింట్ బంగారం, వెండి పనిలో తలమునకలై, తన రాగి పనినే 1853లో బర్మింగ్‌హామ్‌లోని హీటన్ అనే ప్రైవేటు కర్మాగారానికి ఒప్పజెప్పింది. అలాంటప్పుడు ఎక్కడో ఉన్న కాలనీకి అర పెన్నీలు ఎవరు పంపిస్తారు?

నేను దీన్ని తేలిగ్గా తీసుకోలేను. బంగారంతో పని ఉన్నది బ్యాంకరుకి, ఓడల వ్యాపారికి. రాగితో పని ఉన్నది కూలీకి, చాకలికి, కొవ్వొత్తి కొనుక్కునే ఇల్లాలికి. ఏ ప్రభుత్వమైనా మొదట పెద్ద డబ్బు సంగతి చూసుకుంది, చిన్న డబ్బుని దాని ఖర్మకి వదిలేసింది. టోకెన్ల చరిత్ర ఏ దేశంలో చూసినా మొదలు ఇక్కడే ఉంటుంది.

మీ టోకెన్‌కి ముప్పై ఆరేళ్ళ ముందే సిడ్నీలో ఇదే బాధ వచ్చింది. దానికి మన మద్రాసుతో సంబంధం ఉంది కాబట్టి చెప్పకుండా ఉండలేను. 1812లో సమరంగ్ అనే ఓడ మద్రాసు నుంచి 40,000 స్పానిష్ వెండి డాలర్లు సిడ్నీకి తీసుకెళ్ళింది. అవి అలాగే వదిలితే వచ్చే ఓడలకీ పోయే ఓడలకీ సరుకు కొనడానికి ఖర్చై, కాలనీ దాటి వెళ్ళిపోతాయి. అందుకని గవర్నర్ మక్వారీ ప్రతి డాలరుకీ నడుమ రంధ్రం కొట్టించాడు. ఆ పనికి దొరికినవాడు విలియం హెన్‌షాల్, దొంగ డబ్బు కేసులో శిక్షపడి వచ్చిన ఖైదీ. బయటి రింగు అయిదు షిల్లింగులు, మధ్యలో ఊడిన ముక్క పదిహేను పెన్నీలు. ఒక్క నాణెం రెండైంది, రంధ్రం పడిన వెండిని బయట ఎవరూ పూర్తి విలువకి తీసుకోరు కాబట్టి ఊళ్ళోనే ఉండిపోయింది. ఆ రింగు నాణేలని ఇప్పుడు ‘హోలీ డాలర్’ అంటారు, లక్షలు పలుకుతాయి. అయితే పదిహేను పెన్నీలు కూడా కూలివాడికి పెద్ద డబ్బే. ఒక పెన్నీ, అర పెన్నీ కొరత అలాగే మిగిలిపోయింది.

1851లో బంగారం బయటపడింది. విక్టోరియా జనాభా ఆ ఏడాది 77,000, పదేళ్ళు తిరిగేసరికి 5,40,000. ఇంతమంది ఒక్కసారిగా వచ్చిపడితే రొట్టె, టీ, పొగాకు, కొవ్వొత్తులు కొనే చేతులు ఏడు రెట్లయ్యాయి. చిల్లర మాత్రం పెరగలేదు. బల్లారట్ గనుల నుంచి జేబులో బంగారు పొడి సంచితో దిగినవాడు కూడా పెన్నీన్నర సరుక్కి డబ్బు ఇవ్వలేని పరిస్థితి.

కౌంటర్ దగ్గర ఏం జరిగేదో ఊహించుకోండి. ఒకామె తొమ్మిది పెన్నీల టీ, పంచదార తీసుకుని షిల్లింగు ఇచ్చింది. షిల్లింగుకి పన్నెండు పెన్నీలు, మన పాత అణాకి పన్నెండు ‘పై’లున్నట్టే. మూడు పెన్నీలు తిరిగి ఇవ్వాలి, గల్లాపెట్టెలో రాగి లేదు. కొట్టువాడు ఏం చేయాలి? ఖాతాలో రాసుకోవాలి, లేకపోతే అక్కర్లేని సరుకు అంటగట్టాలి, అదీ కాకపోతే చీటీ రాసివ్వాలి. మనకీ కొత్త కాదిది. చిల్లర లేదని చాక్లెట్ చేతిలో పెట్టిన కొట్లు మనకి తెలుసు. బస్సులో కండక్టరు టికెట్టు వెనక బాకీ రాసిచ్చి, దిగేటప్పుడు గుర్తుచేయమనేవాడు. ఆ టికెట్టు పట్టుకుని స్టాప్ ఎక్కడ దాటిపోతుందోనని టెన్షన్ పడినవాళ్ళకి టోకెన్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. టికెట్టు వెనక రాసిన ఆ మూడు రూపాయలే రాగి మీద అచ్చువేస్తే అది టోకెన్. తేడా ఒక్కటే. రాగి బిళ్ళ చినగదు, నానదు, చేతులు మారుతుంది.

అన్నండ్ స్మిత్ కొట్టు చేసింది అదే. చీటీకి బదులు రాగి మీద తన పేరు పెట్టింది. మూడు పెన్నీల బదులు మూడు బిళ్ళలు. ఆమె మర్నాడు వాటితో అదే కొట్లో కొనుక్కోవచ్చు, ఇంకో కొట్లో ఇవ్వవచ్చు, పాలవాడికి ఇవ్వవచ్చు.

మరి ఇది చట్టవిరుద్ధం కాదా అనిపించవచ్చు. వాళ్ళు రాణి బొమ్మ వాడలేదు, ప్రభుత్వ నాణేనికి నకలు తీయలేదు. తమ పేరు, తమ వ్యాపారం, తమ ఊరు స్పష్టంగా వేసుకున్నారు. చాలా ఆస్ట్రేలియా టోకెన్ల మీద ‘ఒక పెన్నీ’ అని విలువ కూడా ఉండదు. సైజు చూస్తేనే తెలిసిపోతుంది: 34 మిల్లీమీటర్లుంటే పెన్నీ, 28 ఉంటే అర పెన్నీ. ప్రభుత్వాలకీ అది తమ నెత్తిన పడాల్సిన ఖర్చు, శ్రమ తప్పించే ఏర్పాటు కాబట్టి చాలా ఏళ్ళు చూసీచూడనట్టు ఊరుకున్నాయి.

లాభం సంగతి కూడా దాచకూడదు, ఎందుకంటే ఇది ఉత్త సేవ కాదు. అప్పటి బ్రిటిష్ రాగి పెన్నీ బరువు 18.8 గ్రాములు. పౌను బరువు రాగికి 24 పెన్నీలు. టన్నుకి 2,240 పౌన్లు కాబట్టి టన్ను రాగిలో 53,760 పెన్నీలు, అంటే 240 పెన్నీలకి ఒక పౌను చొప్పున 224 పౌన్ల డబ్బు. టన్ను రాగి ఖరీదు అందులో సుమారు సగం. ముద్రణకీ ఓడకీ ఖర్చు పోను ఇంకా మిగులుతుంది. టోకెన్లని ప్రభుత్వ పెన్నీకన్నా పల్చగా కొట్టిస్తే ఆ మిగులు పెరుగుతుంది. జనం జేబుల్లో ఉండిపోయినవీ, పోగొట్టుకున్నవీ ఎప్పటికీ తిరిగి రావు, అది అచ్చంగా కొట్టువాడి సొమ్ము. దీనికితోడు ప్రచారం. ఊళ్ళో ప్రతి జేబులోనూ మీ కొట్టు పేరు గలగలలాడుతుంటే అంతకన్నా ఏం కావాలి?

అందుకే టీ కొట్లు, ఇనుప సామాను కొట్లు, బట్టల కొట్లు ఒకదాని వెనక ఒకటి దిగాయి. వందకు పైగా వ్యాపారులు కొట్టించారు. సిడ్నీలో పీక్ అండ్ క్యాంప్‌బెల్ టీ కొట్టు 1852లో వేయించింది. హాంక్స్ అండ్ లాయిడ్ టీ మార్ట్ వాళ్ళ టోకెన్ నాకు చాలా ఇష్టం. సిడ్నీ రైల్వే 1855 సెప్టెంబరు 26న మొదలైన సందర్భంగా అని దాని మీదే రాశారు. టీ అమ్ముకునే కొట్టు తన ఊరికి రైలు వచ్చిన రోజుని రాగి మీద చెక్కించి, చిల్లరగా జనానికి పంచింది. టాస్మానియాలో హోబర్ట్ దగ్గర న్యూ టౌన్ టోల్‌గేటు నడిపిన జోసెఫ్స్ పేరు మీద 1855 నాటి టోకెన్ ఉంది. గేటు దగ్గర బండి ఆపినవాడికి చిల్లర తిరిగివ్వడం రోజూ ఎంత తలనొప్పో, టోల్ గేట్ల దగ్గర నిలబడిన మనకి తెలుసు. హోబర్ట్‌లోనే తాకట్టు కొట్టు నడిపిన ఫ్రీడ్‌మన్ కూడా 1857లో వేయించాడు.

ఈ గుంపులో ఒకడు ఆస్ట్రేలియా వ్యాపారే కాదు. ‘ప్రొఫెసర్ హాలోవే’ అని తన తల బొమ్మతో 1857, 1858 సంవత్సరాల టోకెన్లు కనిపిస్తాయి. లండన్‌లో మాత్రలు, లేపనం అమ్మి కోట్లు గడించిన థామస్ హాలోవే అతను. తన మందుల ప్రకటనని డబ్బు రూపంలో కాలనీలకి పంపాడు. ఇప్పుడు లండన్ విశ్వవిద్యాలయంలో భాగంగా ఉన్న రాయల్ హాలోవే కాలేజీ ఆ డబ్బుతో కట్టిందే. ఈ టోకెన్లు బాగానే దొరుకుతాయి. మీరు ఇంకోటి కొనాలనుకుంటే దీంతో మొదలుపెట్టవచ్చు.

వీటిని కొట్టింది ఎవరు? తొలి రోజుల్లో చాలామటుకు ఇంగ్లండులోనే. ఇక్కడ మనకి ఇంకో ముడి ఉంది. బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బౌల్టన్ ఆవిరి యంత్రాలతో నడిపిన సోహో టంకశాల ఉండేది. 1787లో ఆంగ్లెసీ ద్వీపంలోని పారిస్ రాగి గని కంపెనీ బ్రిటన్‌లోనే చిల్లర కరువు తీర్చడానికి పెన్నీ టోకెన్లు వేసింది. మీద డ్రూయిడ్ పూజారి తల, ‘తెచ్చినవారికి ఒక పెన్నీ ఇస్తామని మాట ఇస్తున్నాం’ అన్న రాత, అంచు చుట్టూ లండన్, లివర్‌పూల్, ఆంగ్లెసీల్లో అడిగిన వెంటనే ఇస్తామని ఊళ్ళ పేర్లతో సహా. ఆ కంపెనీకి తర్వాత సోహోలోనూ టోకెన్లు తయారయ్యాయి. అదే సోహోలో 1794లో ఈస్టిండియా కంపెనీ మన ఉత్తర సర్కారు జిల్లాల కోసం రాగి నాణేలు కొట్టించింది. వాటి మీద ‘నలభై ఎనిమిదింటికి ఒక రూపాయి’ అని ఇంగ్లీషులో ఉంటుంది. ఇంకా చిన్నది, తొంభై ఆరింటికి రూపాయి. గంజాం నుంచి గుంటూరు దాకా మన తీరంలో సంతల్లో తిరగడానికి బర్మింగ్‌హామ్‌లో పుట్టిన డబ్బు అది. నా దగ్గరున్న 1794 నాణెం అంచు మీద వేలు పెడితే ఎక్కడా ఎగుడుదిగుడు తగలదు, గుండ్రం గీసినట్టు ఉంటుంది. దాని పక్కన సుత్తితో కొట్టిన అదే కాలపు దేశవాళీ రాగి డబ్బు పెడితే ఒకటి చక్రం, ఒకటి నలిగిన చింతగింజ. ఆవిరి యంత్రం ఏం మార్చిందో ఆ రెండూ పక్కపక్కన పెట్టినప్పుడు నాకు తెలిసింది.

సోహో మూతపడి 1850లో యంత్రాలు వేలానికొస్తే హీటన్ కొన్నాడు. ఆ హీటన్ కర్మాగారం నుంచే తర్వాతి ఆస్ట్రేలియా టోకెన్లు ఎన్నో వెళ్ళాయి.

లండన్‌లో టేలర్ అనే అచ్చుల పనివాడు ఇంకా పెద్ద పథకం వేశాడు. నాణేలు కొట్టే ప్రెస్సునే మెల్‌బోర్న్‌కి పంపిస్తే అక్కడి చవక బంగారాన్ని కొని అక్కడే బంగారు బిళ్ళలు చేసి అమ్మవచ్చని లెక్క. 1853లో ఓడ చేరింది. తీరా చూస్తే ఆ ప్రెస్సు బరువుకి రేవులో నుంచి కదల్లేదు, ముక్కలు విప్పి మోయాల్సి వచ్చింది. అది బిగించి పని మొదలుపెట్టేలోపు బంగారం ధర లండన్ ధరకి దగ్గరగా పెరిగిపోయింది, సవరన్లూ ఓడల్లో వచ్చిపడ్డాయి. ‘కంగారూ ఆఫీస్’ అని పేరుపొందిన ఆ పథకం మునిగిపోయింది. ఆ సంస్థ బంగారు బిళ్ళలు ఇప్పుడు మ్యూజియంలలో గాజు పెట్టెల్లో ఉంటాయి. బంగారం కలిసిరాకపోయినా ప్రెస్సు మాత్రం రాగి టోకెన్లకి పనికొచ్చింది.

1850ల చివరికి మెల్‌బోర్న్‌లోనే థామస్ స్టోక్స్ అనే బొత్తాల, ముద్రల తయారీదారు టోకెన్లు కొట్టడం మొదలుపెట్టాడు. ఇక ఇంగ్లండుకి ఉత్తరం రాసి ఏడాది ఎదురుచూడక్కర్లేదు. ఒకవైపు మీ కొట్టు పేరు, రెండోవైపు అతని దగ్గర సిద్ధంగా ఉన్న అచ్చుల్లోంచి మీకు నచ్చింది: కంగారూ, ఈము పక్షి, ద్రాక్ష తీగ, గోధుమ పన, తక్కెడ పట్టుకున్న న్యాయదేవత. పెళ్ళి కార్డుల దుకాణంలో గణపతి బొమ్మ ఎంచుకుని కింద మన పేర్లు వేయించుకున్నట్టే. అందుకే ఒకే న్యాయదేవత పది కొట్ల టోకెన్ల వెనక కనపడుతుంది. సేకరించేవాళ్ళు ఆ అచ్చుల కలయికలు లెక్కపెట్టుకుంటూ జీవితం గడిపేస్తారు.

ఇప్పుడు మీ నాలుగో ప్రశ్న: పక్క కొట్టువాళ్ళు తీసుకునేవారా? తీసుకునేవారు. తీసుకోకపోతే వాళ్ళకే చిల్లర ఉండదు. చట్టం మాత్రం ఎవరినీ బలవంతపెట్టదు. అంతా ఆ కొట్టు పేరు మీద నడిచింది. నలుగురికీ తెలిసిన కొట్టు, వీధి చివర తలుపు తెరిచే ఉంది, కావాలంటే వెళ్ళి మార్చుకోవచ్చు అన్న నమ్మకం ఉన్నంత కాలం అది పెన్నీయే. కొట్టు మూతపడితే, వ్యాపారి దివాలా తీసి ఓడెక్కితే, అది ఉత్త రాగి.

ఈ నమ్మకం విలువ సింగపూరు టోకెన్లతో పోల్చి చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. 1830ల ప్రాంతంలో సింగపూరు వ్యాపారులు కూడా బర్మింగ్‌హామ్‌లో రాగి ‘కెపింగ్’ బిళ్ళలు కొట్టించి మలయా, సుమత్రా తీరాల్లో పోశారు. వాటి మీద ఏ వ్యాపారి పేరూ లేదు. కోడిపుంజు బొమ్మ, అరబ్బీ లిపిలో ‘తానా మెలాయు’, అంటే మలయ్ నేల అని, హిజ్రీ 1247 అన్న సంవత్సరం. ఏడాదులు మారినా కొన్నిటి మీద ఆ సంవత్సరం మారలేదు. బొమ్మ చాలా అందంగా ఉంటుంది, నా దగ్గరా నాలుగున్నాయి. కాని రేపు వాటిని ఎవరూ తీసుకోకపోతే ఏ తలుపు కొట్టాలో ఆ బిళ్ళ చెప్పదు. మీ అన్నండ్ స్మిత్ బిళ్ళ చెప్తుంది. పేరు, వ్యాపారం, ఊరు మూడూ వేసుకుని నిలబడ్డ మనిషి మీద నాకు గౌరవం ఉంది, లాభం చూసుకున్నాడని తెలిసినా సరే.

దీని ముగింపు అంత మంచిగా జరగలేదు. 1860లో బ్రిటన్ బరువైన రాగి పెన్నీ మానేసి కంచు పెన్నీ తెచ్చింది. బరువు 9.4 గ్రాములు, సరిగ్గా సగం. తేలికైన ఈ కొత్త డబ్బు క్రమంగా కాలనీలకీ చేరింది. ఈలోపు టోకెన్లు అవసరానికి మించి పోగుపడ్డాయి, పల్చటివి, పేరు లేని వ్యాపారులవి కూడా కలిశాయి. విక్టోరియా 1863లో, న్యూ సౌత్ వేల్స్ 1868లో టోకెన్లని ఆపేశాయి. అప్పుడు నష్టపోయిందెవరు? కొట్టించినవాడు తన లాభం ఎప్పుడో తీసుకున్నాడు. పెద్ద వ్యాపారి ముందే పసిగట్టి వదిలించుకున్నాడు. చివరికి జేబులో, డబ్బా అడుగున పది ఇరవై బిళ్ళలు మిగిలిపోయిన కూలివాడి దగ్గర ఆగింది. నోట్లు రద్దైనప్పుడు పోపుల డబ్బాల్లో బయటపడ్డ నోట్లు చూసిన మనకి ఆ దృశ్యం కష్టం మీద ఊహించుకోవాల్సినది కాదు. బోలెడన్ని టోకెన్లు రాగి కోసం కరిగించారు. మిగిలినవి గని ఊళ్ళ మట్టిలో ఉండిపోయాయి, ఈరోజుకీ మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరిగేవాళ్ళకి దొరుకుతుంటాయి. అలా మట్టిలోంచి వచ్చినవే ఎక్కువగా చిలుము పట్టి ఉంటాయి.

ఇక మీ బిళ్ళ విషయం. ముందు తూకం వేయండి. వంటింటి డిజిటల్ త్రాసు సరిపోతుంది, 0.1 గ్రాము చూపించేదైతే ఇంకా మంచిది. అడ్డం కొలవండి. అయస్కాంతం పెట్టి చూడండి, రాగి అతుక్కోదు. పోతపోసిన నకిలీ అయితే భూతద్దంలో అక్షరాల చుట్టూ సన్నటి గుంటలు, సబ్బు మీద గీసినట్టు మొద్దు అంచులు, బిళ్ళ అంచు మీద అతుకు గీత కనిపిస్తాయి. అచ్చుతో కొట్టినదైతే ఎంత అరిగినా అక్షరం నేలలోంచి నిటారుగా లేచి ఉంటుంది. ఆ స్త్రీ బ్రిటానియా, బ్రిటన్ దేశానికి ప్రతీక. ఆమె మోకాలు, డాలు అంచు, తల ముందు అరుగుతాయి, ఎందుకంటే బొమ్మలో ఎత్తుగా ఉండేవి అవే. అక్కడ అరిగి అక్షరాలు బాగుంటే చేతులు మారి మారి సహజంగా అరిగిందని అర్థం. అంతా ఒకేలా మెత్తగా ఉంటే ఎవరో ఎప్పుడో తోమారని అనుమానించాలి.

ధర అడగలేదు గాని, తర్వాత అడుగుతారు కాబట్టి చెప్తున్నా. ఈ రకం బాగా అరిగినదైతే కొన్ని పదుల డాలర్లు. అరగని స్థితిలో ఉంటే ఎక్కువ. మీరు సంతలో అంతకన్నా తక్కువే ఇచ్చుంటారు. డబ్బు కోసం అమ్మేయాల్సినంత వస్తువు కాదు, డబ్బాలో పడేయాల్సిన వస్తువూ కాదు.

మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో మాత్రం పెట్టకండి. వాటిలో కొన్ని కాలం గడిచేకొద్దీ జిడ్డు కారి రాగిని ఆకుపచ్చ చేస్తాయి. చిన్న కాగితం కవరు చాలు, పక్కన తడి పీల్చే సిలికా పొట్లం ఒకటి. పట్టుకునేటప్పుడు ముఖం మీద వేళ్ళు పడకుండా అంచులతో పట్టుకోండి. మెల్‌బోర్న్‌లోనే ఉన్నారు కాబట్టి విక్టోరియా మ్యూజియం వాళ్ళ ఆన్‌లైన్ సేకరణలో ఈ టోకెన్ల ఫోటోలు చూసి మీదానితో పోల్చుకోండి. అంత పెద్ద సేకరణ అక్కడికి దగ్గరలో ఉండటం మీ అదృష్టం.

ఇంకో పని ఈరోజే చేయండి. ఆ కవరు మీద పెన్సిలుతో మీరు దీన్ని ఏ సంతలో, ఏ తేదీన, ఎంతకి కొన్నారో రాసిపెట్టండి. అమ్మినవారు అది ఎక్కడి నుంచి వచ్చిందో ఏమైనా చెప్పి ఉంటే, వాళ్ళ తాతగారి షెడ్డులో దొరికిందనో, ఫలానా గని ఊళ్ళో తవ్వితే వచ్చిందనో, ఆ మాట కూడా రాయండి. తూకం, కొలత, రెండు ముఖాల ఫోటోలు, అంచు ఫోటో పెడితే ఇది ఏ అచ్చు రకమో, ఎంత అరిగిందో చూసి చెప్తాను.